నల్లా గుంత

మా ప్రాంతపు పేర్లలోనే నీరున్నది. రామగుండము అను పేరులో గుండము కలదు, గుండమనగా నీటిమడుగు. గోదావరిఖని అను పేరులో ఒక నదియు, ఒక గనియు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. కాని పిల్లలారా, పేరులో నీరున్నంత మాత్రమున కుండలో నీరుండదు. ఈ సంగతి మా తల్లికి తెలిసినంతగా మా యింట మరియెవ్వరికిని తెలియదు.

నేను పుట్టునాటికి ఇచ్చట గనులు క్రొత్తగా తెరచుచుండిరి. సింగరేణి బొగ్గు చరిత్ర మాత్రము అంతకంటె పాతది. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. ఆ త్రవ్వకములు గోదావరి లోయ వెంట సాగి సాగి 1960 ప్రాంతమున మా రామగుండమును చేరినవి. మా తండ్రి మంథని వైపు పల్లెనుండి భుజముపై గొంగడితో వచ్చి బాయిపనిలో చేరెను. ఇచ్చటివారు గనిని 'బాయి' అందురు. నీటికొరకు త్రవ్వినదియు బాయియే, బొగ్గుకొరకు త్రవ్వినదియు బాయియే. తెలుగు పండితుడనగుటచే ఈ మాటపై నాకు మొదటినుండియు మక్కువ. అయితే ఈ రెండు బాయిలకును పొత్తు కుదురదు. గని లోతునకు పోయినకొలది అందులో ఊరు నీటిని పంపులతో తోడి వెలికి పోయవలెను. అట్లు తోడినకొలది చుట్టుపట్ల ఊటబావులలో నీటిమట్టము క్రుంగును.

మా గుడిసెకు గోదావరి రెండు మైళ్ళు. వేసవిలో నది సన్నగిల్లి ఒక ప్రక్కకు ఒదిగిపోవును. మా తల్లి తెల్లవారకముందే లేచి, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకొని పోయి, ఇసుకలో మోచేతి లోతున చెలమ తీయును. మొదట ఊరిన మురికినీటిని పారబోసి, తేట వచ్చువరకు కూర్చుండి, చిప్పతో ముంచి బిందె నింపును. ప్రక్కనే నది పారుచుండగా ఆ నీటిని ముంచక ఇసుకను త్రవ్వవలెనని ఆమెకు ఎవరు చెప్పిరి? ఇసుక నీటిని వడగట్టునని ఆమె ఏ పుస్తకమునను చదువలేదు. ఆమెకు చదువే రాదు. నేడు పట్టణములలో నీటిని శుద్ధిచేయుటకు కట్టిన ఇసుక తొట్లకును, మా తల్లి చెలమకును మూలసూత్రము ఒక్కటియే.

వానకాలమున చెలమలు మునిగిపోవును. అప్పుడు ఎఱ్ఱని వరదనీరే దిక్కు. కుండ లోపలి వైపున చిల్లగింజను గంధము తీసినట్లు అరగదీసి నీరు పోసినచో, తెల్లవారునప్పటికి మన్ను అడుగున పేరుకొని పైన తేటనీరు నిలుచును. చిల్లగింజ దొరకనినాడు పటికముక్కను రెండు మూడు మారులు నీటిలో త్రిప్పుదురు. వరదనీటిలోని మట్టిరేణువులు మిక్కిలి సన్ననివి. ఒకదానినొకటి దరి చేరనీయక తోసికొనుచుండును గాన వాటంతట అవి క్రిందికి దిగవు. పటిక వాటి వైరమును మాన్పి గుంపులుగా చేర్చును. బరువెక్కిన గుంపులు అడుగునకు దిగును. పెద్ద పెద్ద నీటి కేంద్రములలో నేటికిని మొదట జరుగు పని ఇదియే.

తేటనీరు వేరు, మంచినీరు వేరు అను సంగతి మాత్రము మా తల్లికిని తెలియదు, నాకును చాలకాలము తెలియలేదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో జనులు నడుము వంగి, కీళ్ళు బిగిసి బాధపడుచుండుటను షార్టు అను వైద్యుడును, ఆయన సహచరులును పరిశీలించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే అందుకు కారణమని వెల్లడించిరి. 1955లో సిద్దీఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాను గూర్చి అట్టి పరిశోధననే ప్రకటించెను. అచ్చటి బావులలోని నీరు చూచుటకు అద్దమువలె నుండును. పటిక వేసినను, కాచినను, వడగట్టినను కంటికి కనబడు మార్పేమియు లేదు. తరువాతి కాలమున నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థవారు పటికను, సున్నమును తగు పాళ్ళలో కలిపి ఆ ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఒక జిల్లా పేరు వ్యాధికిని, దాని విరుగుడునకును కూడ అంటుకొనుట నే నింకెచ్చటను వినలేదు.

మా కాలనీకి నల్లా వచ్చిననాడు మా తల్లి దానికి పసుపు పూసి బొట్టు పెట్టెను. కోస్తావారు కొళాయి అనుదానినే మేము నల్లా అందుము. "ఇగ మన గోస తీరింది బిడ్డా" అని ఆమె నా తల నిమిరెను. నల్లాలోనుండి వచ్చునది మంచినీరే అను నమ్మకము నాకు ఆనాడే కలిగెను. ఆ నమ్మకమే తరువాత నాచేత ఒక పెద్ద తప్పు చేయించెను. దానిని చెప్పుటకే ఇంత ఉపోద్ఘాతము.

పండిత శిక్షణ ముగించి, ఉపాధ్యాయుడనై, అనేక పల్లెలు తిరిగి, చివరకు ఈ బొగ్గు ప్రాంతముననే ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనైతిని. ఆ పాఠశాల నీటిగొట్టమునకు చిట్టచివర నున్నది. నీరు దినము విడిచి దినము, ఉదయము ఒక గంటసేపు వచ్చును. ముందరి యిండ్లవారు పట్టుకొనగా మిగిలినదే మాకు ప్రాప్తము. 2014 వేసవిలో అదియు సన్నగిల్లి దారమంత ధార అయ్యెను. నాలుగు వందల మంది పిల్లలకు ఆ దారము ఏపాటి?

అప్పుడు నాకొక ఉపాయము తోచెను. నా స్వంత బుద్ధి కాదు. ఆ వీధిలో అందరును చేసినదే. నేలపైనున్న నల్లాను ఊడదీయించి, గొట్టము వెంట రెండున్నర అడుగుల లోతున గుంత త్రవ్వించి, ఆ గుంత అడుగున నల్లాను బిగింపించితిని. నీరు పల్లమెరుగును గదా! ధార మూడింతలయ్యెను. పిల్లలు గుంతలోనికి దిగి సీసాలు నింపుకొనుచుండ చూచి నేను లోలోన పొంగిపోతిని. తోటి ఉపాధ్యాయులు, "సార్‌కు ఇంజనీరు బుద్ధి కూడ ఉన్నది" అని మెచ్చుకొనిరి. ఆ మెప్పును నేను కాదనలేదు.

జూన్ 12న బడి తెరచితిమి. జూలై చివర ఎనిమిదవ తరగతి బాలు డొకడు కండ్లు పచ్చబడి బడికి రాక నిలిచిపోయెను. వారము తిరుగకముందే మరి నలుగురు. పదునైదు దినములలో పదునొకరు. అందరికిని కామెర్లే. ఒక బాలునికి వాంతులు ముదిరి కరీంనగరులో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెను. వాని తండ్రి రాత్రి షిఫ్టు దిగి, బొగ్గు అంటిన బట్టలతోనే నా గది ముందు నిలిచి, "సార్, బడిల పిల్లలకు ఏమైతున్నది?" అని అడిగెను.

నేను తడుముకొనక జవాబు చెప్పితిని. బడి గేటు ప్రక్కన ఒక వృద్ధుడు తోపుడుబండిపై రంగు ఐసు, నిమ్మకాయ షర్బత్తు అమ్ముచుండెడివాడు. "బయటి తిండి, బయటి నీళ్ళు. ఇంకేమున్నది?" అంటిని. మరునాడు ప్రార్థన వేళ పిల్లలందరి యెదుటను ఆ మాటనే గట్టిగా చెప్పి, ఆ వృద్ధుని పిలిపించి, ఇక మీదట ఆ దరిదాపులకు రావలదని ఆజ్ఞాపించితిని. అతడు ఎదురు చెప్పలేదు. బండి త్రిప్పుకొని పోవుచు ఒకమారు వెనుదిరిగి బడివైపు చూచెను. నాకు ఆనాడు కలిగినది జాలి కాదు, తృప్తి.

బండి పోయెను. కామెర్లు పోలేదు. మరి రెండు వారములలో ఇంకను ముగ్గురు పడిరి. ఈ వ్యాధి క్రిమి శరీరములో ప్రవేశించిన పిదప రెండు వారములు మొదలు ఆరేడు వారములవరకు దాగియుండి బయటపడునని వైద్యులు చెప్పుదురు. కావున నేడు కండ్లు పచ్చబడిన పిల్లవాడు నెల క్రిందట ఏ నీరు త్రాగెనో వెదకవలెను గాని, నిన్న ఏమి తినెనో వెదకి ఫలము లేదు. ఇది నాకు అప్పుడు తెలియదు.

ఆ దినములలోనే ఆమె వచ్చెను. పూర్వము నా యొద్ద చదివిన బాలిక. ఆమె తండ్రి బాయిలో తట్టలతో బొగ్గు నింపిన కార్మికుడు. ఆమెకు పద్యములు ఒకసారి విన్నంతనే వచ్చెడివి గాన తెలుగు చదివింపవలెనని నేను పట్టుపట్టితిని. ఆమె మాత్రము ఇంజనీరింగు చదివి, త్రాగునీటి నాణ్యతను, పంపిణీ వ్యవస్థలను గూర్చి ఒక విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచుండెను. భుజమున సంచి, చేతిలో మంచుపెట్టె, ఎండకు తలపై రుమాలు. నా గదిలోనికి వచ్చి పాదములకు నమస్కరించి, "సార్, మన కాలనీ గొట్టము వెంట ట్యాంకునుండి చివరిదాక నీళ్ళు పరీక్ష చేస్తున్న. చివరి నల్లా మన బడిదే" అనెను.

నేను సంతోషముతో వెంటబెట్టుకొని పోయి గుంత చూపించితిని. ఆమె అంచున నిలిచి కొంతసేపు చూచెను. గుంత అడుగున బురద, చెప్పుల గుర్తులు, రెండు ఆకులు, ఒక సుద్దముక్క. "ఇది ఎవరు తవ్వించినరు సార్?" అని అడిగెను. "నేనే" అంటిని గర్వముగా. ఆమె మారు పలుకలేదు. సంచినుండి సీసాలు తీసికొనెను.

ఆమె మొదట అడిగినది పటము. ఏ గొట్టము ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నదో తెలుపు పటము ఎవ్వరి యొద్దను లేకపోయెను. వాల్వు త్రిప్పువాని తలలో మాత్రము అది భద్రముగా నుండెను. ఆమె అతనిని 'అన్నా' అని పిలిచి, రెండు దినములు అతని వెంట వీధి వీధి తిరిగి, అతడు చెప్పినదెల్ల కాగితముపై గీసెను. ఎచ్చట గొట్టము మురికికాలువను దాటినది, ఎచ్చట ఇంటివారు మోటారు బిగించినారు, ఎచ్చట గుంతలున్నవి, అన్నింటికిని గుర్తులు. మా వీధిలోనే పదునేడు నల్లా గుంతలు లెక్కకు వచ్చినవి.

ఆ పటమును చూపుచు ఆమె మా ఎనిమిదవ తరగతి పిల్లలకు ఒక కథ చెప్పెను. 1854లో లండను నగరమున సోహో అను పేటలో కలరా చెలరేగి ఆరువందల మందికి పైగా మరణించిరి. దుర్వాసనగల గాలి వలన ఆ వ్యాధి వచ్చునని నాటి వైద్యులలో పెక్కుమంది నమ్మిక. జాన్ స్నో అను వైద్యుడు దానిని నమ్మక, మృతుల యిండ్లను పటముపై నల్లని గీతలుగా గుర్తించెను. గీతలన్నియు బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు చుట్టు గుమిగూడెను. అయితే ఆ వీధిలోనే యున్న బీరు కర్మాగారపు పనివారు మాత్రము బాగుగ నుండిరి. కారణమేమన, వారికి వేరుగా బావి కలదు; అదియుగాక వారు నీటికి బదులు బీరే త్రాగుచుండిరి. సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తీసివేయించిరి. సూక్ష్మక్రిముల సంగతి లోకమునకు ఇంకను స్థిరపడని కాలమది. బీరు మాటకు పిల్లలు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. పటముపై మా పాఠశాల చుట్టును పదునాలుగు చుక్కలు పెట్టి చూచిన నెట్లుండునా యని నాలో నేను అనుకొనుచుంటిని.

తరువాత క్లోరిను పరీక్ష. ట్యాంకు యొద్ద నీటిలో క్లోరిను కలుపుదురు. అది క్రిములను చంపిన పిదప కొంత మిగిలి గొట్టము వెంట నీటికి కాపలాగా రావలెను. చివరి నల్లా యొద్ద కూడ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియుండవలెనని మన దేశపు ప్రమాణము. ఆమె గాజుగొట్టములో నీరు పోసి మందు వేయగా ట్యాంకు నీరు గులాబి రంగు పొందెను. నడివీధి నీరు లేతగా మారెను. మా బడి నీరు ఎట్లున్నది అట్లే యుండెను. "కాపలావాడు దారిలనే పడిపోయిండు సార్" అనెను. గొట్టములో మురికి ఎంత ఎక్కువగా కలిసిన, క్లోరిను అంత త్వరగా ఖర్చగునట.

ఆ పిదప నల్లసీసాల పరీక్ష. దీనిని 1982లో మన గ్వాలియరులోని రక్షణ పరిశోధన కేంద్రమున మంజా, మౌర్య, రావు అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మందు తడిపి ఆరబెట్టిన కాగితపుముక్క గల సీసాలో నీరు నింపి, వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచవలెను. మలము కలిసిన నీటిలోని క్రిములు గంధకపు వాయువును పుట్టించును. అప్పుడు కాగితము, నీరు నల్లబడును. విద్యుత్తు అక్కరలేదు, సూక్ష్మదర్శిని అక్కరలేదు. పల్లెటూరి పంచాయతీ గదిలో నైనను చేయవచ్చును. గొప్ప గొప్ప యంత్రములను గూర్చి పత్రికలలో చదువుచుందుము గాని, ఇటువంటి చౌక సీసాను కనిపెట్టినవారి పేర్లు మన పిల్లలకు తెలియకుండుట నాకు వెలితిగా తోచును.

ఐదు సీసాలు నా గది కిటికీలో వరుసగా నిలిచినవి. మొదటిది ట్యాంకు నీరు. రెండవది నడివీధి నీరు. మూడవది మా గుంత నల్లాలో నీరు వదలిన వెంటనే పట్టినది. నాలుగవది అదే నల్లాలో అరగంట తరువాత పట్టినది. ఐదవది కాచి చల్లార్చిన నీరు, సరిచూచుటకు. పిల్లలు పందెములు కాచిరి. ఆ రాత్రి నాకు సరిగా నిదుర పట్టలేదు.

మరునాటి ఉదయము తాళము తీసి చూతును గదా, మూడవ సీసా కాటుకవలె నల్లబడియున్నది. సాయంకాలమునకు నాలుగవదియు మసకబారెను. మొదటిదియు, ఐదవదియు తేటగా నుండెను. రెండవది మూడవనాటికి కొంచెము రంగు మారెను. మంచుపెట్టెలో పంపిన నీటిని ప్రయోగశాలవారు పరీక్షించి మా నల్లా నీటిలో ఈ.కోలై అను క్రిమి యున్నదని వ్రాసిరి. నూరు మిల్లీలీటర్ల నీటిలో అట్టి క్రిమి ఒక్కటియైన ఉండరాదు.

"ట్యాంకులో మంచినీరే గదమ్మా! దారిలో మురికి ఎట్లు చేరెను? గొట్టములో నీరు బయటకు కారును గాని బయటినీరు లోనికి పోవునా?" అని అడిగితిని.

ఆమె ఒక ప్లాస్టిక్కు గొట్టమునకు సూదితో బెజ్జము చేసి, నీటితొట్టిలో ముంచి చూపెను. లోపల నీరు ఒత్తిడితో పారునంతసేపు బెజ్జమునుండి నీరు వెలికి చిమ్మును. పైన నీరు ఆపి, రెండవ కొసనుండి పీల్చినచో, ఆ బెజ్జము తొట్టినీటిని లోనికి త్రాగును. ఇరువదినాలుగు గంటలును నీరు నిండియున్న గొట్టము పగిలినను లోనికి మురికి రానీయదు. దినము విడిచి దినము నీరు వచ్చు గొట్టము నలువదియేడు గంటలు ఉత్తగానే యుండును. కాలువ ప్రక్కనున్న ప్రతి పగులును ఆ వేళ ఒక నోరగును. ఇక ఎవరైన మోటారు బిగించి లాగినచో చెప్పవలసినదేమున్నది? నల్లా గుంత సంగతి అంతకంటె ఘోరము. నీరు ఆగునప్పుడు గొట్టములో మిగిలిన నీరు వెనుకకు జారును. తెరచియున్న నల్లా గుంతలోని బురదనీటిలో మునిగియున్నచో, ఆ బురదయు వెంట లోనికి పోవును. మరునాడు మొట్టమొదట పిల్లవాని సీసాలో పడునది అదియే.

ఇది ఊహ కాదని చెప్పుటకు ఆమె కర్ణాటకములోని హుబ్బళ్ళి ధార్వాడ నగరముల ముచ్చట చెప్పెను. ఆ జంటనగరములలో కొన్ని పేటలకు ఎల్లవేళల నీరు వచ్చును. తక్కినవాటికి కొన్ని దినముల కొకసారి. రెంటికిని మూలము ఒకే శుద్ధజలము. ఎమిలీ కుంపెల్, కారా నెల్సన్ అను ఇరువురు పరిశోధకురాండ్రు ఒక సంవత్సరము నల్లా నల్లా తిరిగి నీరు పట్టి పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఆగి ఆగి వచ్చు నల్లాలలో దాదాపు మూడింట ఒకవంతు నమూనాలలో ఈ.కోలై కనబడెను. ఎల్లవేళల వచ్చు నల్లాలలో నూటికి ఒకటికంటె తక్కువ. మిగిలిన కథ అంతయు గొట్టముదే.

నేను కుర్చీలో అట్లే కూర్చుండిపోతిని. "అయితే ఈ పిల్లల కామెర్లకు నేనే కారణమా?" అని అడిగితిని. ఆమె తొందరపడలేదు. "సార్, నీళ్ళల్ల మురికి కలుస్తున్నదని తేలింది. కామెర్ల క్రిమి వేరు, దానిని నేను పరీక్ష చేయలేదు. ఈ గుంతే కారణమని చెప్పలేను. కాదని కూడ చెప్పలేను" అనెను. నా శిష్యురాలు పలికిన ఈ మాటలను నేను పలుమారులు తలచుకొందును. ఏ పరీక్షయు చేయక, ఎవ్వరిని అడుగక, ఒక్క నిమిషములో ఒక వృద్ధుని దోషిగా తేల్చినవాడను నేను.

ఆ వృద్ధుని సంగతి చెప్పినప్పుడు ఆమె, "ఆయన నీళ్ళు ఎక్కడ పట్టేటోడు సార్?" అని అడిగెను. నాకు తెలియదు. వాచ్‌మన్‌ను పిలిచితిమి. అతడు నేలచూపులు చూచుచు, "మన నల్లాలనే సార్. పొద్దుగాల రెండు డబ్బాలు పట్టుకునేటోడు. మీకు చెప్తే ఒద్దంటరని చెప్పలే" అనెను. నా గుంత నీటినే ఆయన నిమ్మరసములో కలిపి అమ్మెను. ఆ నేరమునకే నేను ఆయనను వెళ్ళగొట్టితిని.

గుంతను ఆనాడే పూడ్పించితిని. నల్లాను నేలపైకి రెండడుగుల ఎత్తున బిగింపించి క్రింద సిమెంటు దిమ్మె కట్టించితిని. అయితే మాటలకు లొంగునది కాదు నీరు. ధార మరల దారమయ్యెను. ముందరి యిండ్ల మోటార్లు ఆగినగాని చివరివానికి నీరు రాదు. ఇంటింటికి పోయి చెప్పవలెను. చెప్పుటకు ముందు మా యింటి మోటారు తీయవలెను. మా యింటనున్నదని మీకు ఇంతవరకు చెప్పలేదు. దానిని తీయించిన తరువాత మా యింటి ఇల్లాలు రెండు దినములు నాతో మాటలాడలేదు. ఆ పిదప నేనును, వాల్వు త్రిప్పువాడును, ఆసుపత్రినుండి తిరిగివచ్చిన బాలుని తండ్రియు కలిసి వీధి వెంట తిరిగితిమి. నల్లబడిన సీసాను చేత పట్టుకొని పోతిమి. నా పాండిత్యముకంటె ఆ సీసా బాగుగ మాటలాడెను. కొందరు వినిరి, కొందరు వాకిలి మూసిరి. పదునేడు గుంతలలో పదకొండు పూడినవి. మురికికాలువలో పగిలిన గొట్టమును గూర్చి ఆమె గీసిన పటము జతచేసి విన్నపము పంపితిమి. నెలదినములకు దానిని మార్చిరి. అంతవరకు మధ్యాహ్న భోజనము వండు అమ్మలే పిల్లలకు నీరు కాచి పోసిరి.

ఆసుపత్రికి పోయిన బాలుడు దసరా తరువాత చిక్కి శల్యమై బడికి వచ్చెను. అర్ధసంవత్సర పరీక్షలో వెనుకబడెను. ఆమె వదలిపోయిన క్లోరిను పరీక్ష పెట్టెను వాని కప్పగించితిని. నీరు వచ్చిన ప్రతి ఉదయము వాడు గాజుగొట్టములో నీరు పట్టి, మందు వేసి, రంగు చూచి గోడపై పట్టికలో వ్రాయును. గులాబిరంగు రాని దినమున నా గదికి పరుగెత్తుకొని వచ్చును. ఆ పట్టిక మొదటి నెలలో ఖాళీలే ఎక్కువ. తరువాత తగ్గినవి.

ఈ పదేండ్లలో మా గోదావరిపై ఎన్నియో పనులు జరిగినవి. మాకు సమీపముననే శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము ఇరువది టీ.ఎం.సీల నీటిని పట్టుచున్నది. అచ్చటినుండి హైదరాబాదు నగరమునకు కూడ త్రాగునీరు పోవుచున్నది. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమై ఇంటింటికి నల్లా అను మాట వచ్చెను. నది నిండుగ నున్న కాలమిది. మా తల్లి చూచిన ఎంత సంతోషించెడిదో! కాని ఆమె చెలమ యొద్ద మొదటి నీటిని ఎందుకు పారబోసెడిదో నాకు అరువదేండ్లు దగ్గరపడువరకు అర్థము కాలేదు.

ఆ వృద్ధుని వెదకుట మిగిలెను. బస్టాండు వెనుక ఒక చెట్టుక్రింద ఆయన బండి కనబడెను. నేను దగ్గరకు పోగా ఆయన కంగారుపడి లేచి, బండి ప్రక్కకు జరుపబోయెను. "కూర్చోండి, తాతా" అని నేనే ప్రక్కనున్న రాతిపై కూర్చుండి, జరిగినదంతయు చెప్పితిని. నోట మాట సరిగా రాలేదు. ఆయన అంతయు విని, కొంతసేపు ఊరకుండి, "ఇప్పుడు నీళ్ళు మంచిగున్నయా సార్?" అని అడిగెను. వాని పట్టికలో ఆ వారము మూడు దినములును గులాబిరంగు వచ్చినదని చెప్పితిని.

మరుసటి సోమవారము ఉదయము ఆయన బండి గేటు ప్రక్కన నిలిచెను. నీరు వచ్చు వేళకు ఆయన రెండు డబ్బాలతో లోనికి వచ్చెను. వాచ్‌మన్ నావైపు చూచెను. నేను తల ఊపితిని. వృద్ధుడు నల్లా త్రిప్పెను గాని డబ్బా పెట్టలేదు. మొదటి నీటిని వేపమొక్క మొదటికి పారనిచ్చి, అట్లే నిలుచుండెను. రోగమునుండి లేచిన ఆ బాలుడు గాజుగొట్టము చేతబట్టుకొని వచ్చి, ఆయన ప్రక్కన నిలిచి, వేచియుండెను.